స్కిజోఫ్రీనియా ఉన్న మనవాళ్ళకు ఇంట్లో ఏకాగ్రత, జ్ఞాపకశక్తి సాధన చేయించడం ఎలా?

"చిన్నోడా, సందు చివర కొట్టుకెళ్ళి అరలీటరు పాలు, పావుకిలో ఉల్లిపాయలు, అగ్గిపెట్టె పట్టుకురా" అంటే మా తమ్ముడు సరేనని వెళ్ళేవాడు. ఇరవై నిమిషాలకు అగ్గిపెట్టె ఒక్కటి పట్టుకుని వచ్చేవాడు. ఒక్కోసారి కొట్టు దగ్గర జనం ఉంటే నిలబడి నిలబడి ఉత్తచేతులతో తిరిగొచ్చేవాడు. అప్పటికి వాడికి గొంతులు వినిపించడం ఆగి ఏడాది దాటింది. మందులు వేళకు వేసుకుంటున్నాడు, నిద్ర బాగానే పడుతోంది. మరి ఇదేంటి? "బద్ధకం" అన్నారు నాన్న. "మందుల మత్తు" అంది అమ్మ. నేనూ చాలాసార్లు కసురుకున్నాను. ఆ కసుర్లు గుర్తొస్తే ఇప్పటికీ గుండె పట్టేసినట్టు ఉంటుంది.

జబ్బులో అదీ ఒక భాగమేనని క్లినికల్ సైకాలజిస్ట్ గారు చెప్పేదాకా మాకు తెలియదు. స్కిజోఫ్రీనియా అనగానే అందరికీ గొంతులు, అనుమానాలే గుర్తొస్తాయి. వాటిమీద మందులు చాలామందికి బాగానే పనిచేస్తాయి. కానీ ఈ జబ్బు ఏకాగ్రతను, విన్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకునే శక్తిని, ఒక పనిని వరుసలో పెట్టుకునే నేర్పును, ఎదుటివాళ్ళ ముఖం చూసి మనసు పట్టుకునే తెలివిని కూడా దెబ్బతీస్తుంది. మందులు ఈ భాగాన్ని పెద్దగా బాగుచేయవు. మనిషి మళ్ళీ పనిలో చేరగలడా, తన పనులు తాను చూసుకోగలడా అనేది మాత్రం వీటిమీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుందని అమెరికాలో మైకేల్ గ్రీన్ అనే సైకాలజిస్ట్ 1996లోనే అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పోగుచేసి చూపించారు.

వీటికి చేయించే సాధననే కాగ్నిటివ్ రెమెడియేషన్ అంటారు. మన దగ్గర కాగ్నిటివ్ రీట్రైనింగ్ అనే మాట కూడా వాడతారు. ఇది మన ఇళ్ళకు దూరమైన విషయమేమీ కాదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు జబ్బు మొదటిసారి వచ్చినవారికి ఇంటి దగ్గరే, ఇంట్లోవాళ్ళ సాయంతో రెండు నెలలపాటు ఈ సాధన చేయించి చూశారు. ఆ ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. పనిని ముందే ఆలోచించి వరుస పెట్టుకోవడం, ఒకేసారి రెండింటి మీద దృష్టి పెట్టడం వంటివి మెరుగయ్యాయని అందులో ఉంది. 2021లో ప్రపంచవ్యాప్తంగా 130 పరిశోధనల్ని, దాదాపు 8,850 మందిని కలిపి లెక్కచూసినప్పుడు కూడా మేలు ఉందనే తేలింది. మేలు బ్రహ్మాండమైనదేమీ కాదు, చిన్న నుంచి మధ్యస్థం దాకా. చదువు తక్కువున్నవారికి, లక్షణాలు ఎక్కువున్నవారికి ఉపయోగం ఇంకాస్త ఎక్కువగా కనిపించింది. "మావాడు పదో తరగతే కదా, వాడికి ఇవన్నీ ఎందుకు" అని వదిలేయకండి.

ఆ లెక్కలోనే నాలుగు సంగతులు ముఖ్యమని తేలాయి: పక్కన శిక్షణ ఉన్న మనిషి ఉండాలి, సాధన మళ్ళీమళ్ళీ జరగాలి, చేసే ఉపాయం ఏమిటో మాట్లాడుకోవాలి, నేర్చుకున్నది నిజమైన పనిలోకి తేవాలి. మేం మొదట్లో చివరిదాన్ని పట్టించుకోలేదు. అందుకే మూడు నెలలు వృథా అయ్యాయి. సాధన కోసం పళ్ళెంలో కలిపిచ్చిన గింజల్ని తమ్ముడు చకచకా వేరుచేసేవాడు, కొట్టు నుంచి మాత్రం అగ్గిపెట్టె ఒక్కటే తెచ్చేవాడు. కాబట్టి ఈ కింద చెప్పేవన్నీ చివరి నుంచి మొదటికి ఆలోచించి చేయండి. ముందు పని, తర్వాత దానికి కావలసిన సాధన.

మొదటి అడుగు: డాక్టర్ దగ్గర అడగాల్సినవి

గొంతులు, భయాలు ఉధృతంగా ఉన్నప్పుడు, రాత్రిళ్ళు నిద్ర లేనప్పుడు, మందు మార్చి వారం పది రోజులే అయినప్పుడు ఇది మొదలుపెట్టకండి. కాస్త కుదురుకోనివ్వండి. కుదురుకున్నాక సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ మాటలు అడగండి.

మందుల చీటీలో ట్రైహెక్సిఫెనిడిల్ ఉందా చూడండి. మందుల షాపులో పాసిటేన్ అనే పేరుతో ఎక్కువగా దొరుకుతుంది. అసలు మందుల వల్ల చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకోవడం వస్తే దానికి ఇది ఇస్తారు. అవసరమైన మందే, కానీ జ్ఞాపకశక్తిని కాస్త మందగింపజేస్తుంది. "ఇంకా ఇదే మోతాదు కావాలా, తగ్గించే వీలుందా?" అని అడగండి. నిద్రమాత్ర ఉంటే దాని సంగతీ అడగండి. అడగడం వరకే మన పని. ఇంట్లో మనంతట మనం ఒక్క మాత్ర కూడా ఆపకూడదు, తగ్గించకూడదు.

కళ్ళు ఒకసారి చూపించండి. మా తమ్ముడికి చత్వారం లేకపోయినా దూరం చూపు సరిగా లేదు, నాలుగేళ్ళుగా కళ్ళద్దాలు మార్చలేదు. కొట్లో ధరల బోర్డు కనబడకే సగం టెన్షన్ పడేవాడని అద్దాలు మార్చాక తెలిసింది.

క్లినికల్ సైకాలజిస్ట్ ఎక్కడ దొరుకుతారో కూడా అప్పుడే అడగండి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ, హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నం మానసిక వైద్యశాలల్లోనూ వాకబు చేయండి. చెన్నైకి దగ్గరగా ఉండేవాళ్ళు స్కార్ఫ్ సంస్థలో అడగవచ్చు. 1984లో డాక్టర్ శారదా మీనన్ పెట్టిన సంస్థ అది, ముఖ్యంగా ఈ జబ్బు మీదే పనిచేస్తుంది. నెలకొకసారైనా ఆ మనిషి సలహా ఉంటే మన ఇంటి సాధనకు దారి సరిగ్గా ఉంటుంది. అస్సలు దారి తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

రెండో అడుగు: ఒక్క పని ఎంచుకోవడం

ఎంచుకోవాల్సింది మీరు కాదు, తను. "నువ్వు మళ్ళీ చేసుకోవాలనుకునే పని ఒకటి చెప్పు" అని అడిగి ఊరుకోండి. జవాబు వెంటనే రాదు. మావాడు నాలుగో రోజు చెప్పాడు. నేను బ్యాంకు పనో, కంప్యూటరో అంటాడనుకున్నాను. వాడన్నది, "కొట్టుకెళ్తే చిల్లర సరిగ్గా తెచ్చుకోవాలి. కొట్టాయన నన్ను అదోలా చూడకూడదు." అంతే. ఆరు నెలలు మా సాధన అంతా ఆ ఒక్క వాక్యం చుట్టూ తిరిగింది.

మీ ఇంట్లో అది ఉప్మా చేయడం కావచ్చు, బస్సులో ఒంటరిగా అత్తయ్య గారింటికి వెళ్ళడం కావచ్చు, పాప హోంవర్క్ చూడటం కావచ్చు. ఎంత చిన్నదైనా పరవాలేదు. తనకు కావాలనిపించిందే అయి ఉండాలి. మనం రుద్దిన పనికి వారం తర్వాత పళ్ళెం ముందు కూర్చోరు.

మూడో అడుగు: ఎక్కడ తెగుతోందో చూడటం

వారం రోజులు ఏమీ నేర్పించకండి. పని చెప్పి, చూసి, రాత్రి పుస్తకంలో రెండు ముక్కలు రాసుకోండి. కొట్టుకెళ్ళడం అనే పనిని విప్పితే ఎన్ని పోగులున్నాయో చూడండి. చెప్పింది పూర్తిగా వినాలి. దారంతా గుర్తుంచుకోవాలి. కొట్టు దగ్గర గోలలో తన వంతు ఎప్పుడో గమనించాలి. అడగాలి. డబ్బు లెక్క చూసుకోవాలి. అందులో ఏ పోగు తెగుతోంది?

మావాడి విషయంలో రెండు చోట్ల తెగుతోంది. రెండు వస్తువులు దాటితే జారిపోతున్నాయి. పక్కన ఎవరైనా మాట్లాడితే ఉన్న రెండూ పోతున్నాయి. లెక్కల్లో మాత్రం ఏ లోటూ లేదు, బీకాం చదివిన బుర్ర. మేమేమో అప్పటిదాకా వాడికి కూడికలు తీసివేతలు చేయిస్తున్నాం! ఒక్క వారం చూసి ఉంటే ఆ శ్రమ తప్పేది.

నాలుగో అడుగు: వేళ, చోటు

రోజూ ఒకే వేళ పెట్టుకోండి. రాత్రి మందు మత్తు పొద్దున్న పదింటిదాకా ఉంటుంది చాలామందికి. మాకు పదకొండింటి వేళ కుదిరింది, టిఫిను అయ్యాక ఒకసారి కాఫీ తాగి. వీలైతే దానికి ముందు 20 నిమిషాలు బయట గబగబా నడిపించండి. ఒళ్ళు కదిలే వ్యాయామం ఈ జబ్బులో ఆలోచనాశక్తికి కూడా మేలు చేస్తుందని పరిశోధనల్లో తేలింది.

టీవీ ఆపేయండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి. మొదటి వారం 10 నిమిషాలు చాలు. తర్వాత 15, 20. నెల తర్వాత 30 దాటించగలిగితే మంచిదే, లేకపోయినా ఏం కాదు. వారానికి ఐదు రోజులు చేసి రెండు రోజులు వదిలేయండి. తను ఇంకా చేస్తానన్నా, విసుగు రాకముందే ఆపండి. రేపు మళ్ళీ కూర్చోవాలి కదా.

ఐదో అడుగు: గింజలు వేరుచేయడం

ఇది నిమ్హాన్స్ పద్ధతిలో ఉన్నదే, మన వంటింట్లో అన్నీ దొరుకుతాయి. వెడల్పాటి స్టీలు పళ్ళెం, మూడు గిన్నెలు, గింజలు.

మొదట చూడగానే తేడా తెలిసేవి కలపండి. రాజ్మా, పెద్ద శనగలు, బియ్యం. ఒక్కోటి గుప్పెడు చాలు. "తొందర లేదు, తప్పు లేకుండా వేరుచేద్దాం" అని చెప్పండి. ముందు తప్పుల్లేకుండా చేయడం, ఆ తర్వాతే వేగం. గడియారం చూడటం రెండో వారం నుంచి. రెండు రోజులు వరసగా ఒక్క తప్పూ రాకపోతే కష్టం పెంచండి: పెసలు, మినుములు, బొబ్బర్లు. ఆ తర్వాత అసలు పరీక్షలాంటిది కందిపప్పు, శనగపప్పు. రెండూ పసుపే, రెండూ బద్దలే.

తమ్ముడు ఆ రోజు పళ్ళెం మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఒక బద్ద తీసి కంది గిన్నెలో వెయ్యబోయి, వెనక్కి తీసి, మళ్ళీ చూసి. నేను నోటి చివరిదాకా వచ్చిన మాట ఆపుకున్నాను. కాసేపటికి బద్దను బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పెట్టి నలిపాడు. "అక్కా, ఇది నున్నగా ఉంది. ఇదేమో గరుగ్గా ఉంది. కళ్ళతో కంటే వేళ్ళతో ఈజీ." ఆ తర్వాత మొత్తం పళ్ళెం వేళ్ళతోనే చేశాడు. నాలుగే తప్పులు.

ఆ క్షణంలో మీరు చేయాల్సిన పని ఒకటుంది. "భలే చేశావు" అని ఆపేయకుండా, "ఎలా పట్టుకున్నావు తేడా?" అని అడగండి. తను కనిపెట్టిన ఉపాయాన్ని తన మాటల్లో పైకి చెప్పించండి. ఆ తర్వాత, "ఇలా కష్టమైనప్పుడు ఇంకో దారి వెతకడం మన కొట్టు పనిలో ఎక్కడ పనికొస్తుంది?" అని అడగండి. ఈ రెండు ప్రశ్నలూ లేకపోతే గింజలు గింజలుగానే మిగిలిపోతాయి.

తర్వాతి మెట్టు గోల. గింజలు వేరుచేస్తుంటే పక్కన రేడియో చిన్నగా పెట్టండి. ఇంకో వారానికి మీరే ఫోన్లో మాట్లాడుతూ కూర్చోండి. కొట్టు దగ్గర ఉండే గోలకు ఇది అలవాటు. తనకు గొంతులు ఇంకా కొద్దిగా వినబడుతుంటే మాత్రం రేడియో వద్దు, అడిగి చూసి నెమ్మదిగా వెళ్ళండి.

ఆరో అడుగు: నిన్నటి పేపరు

గింజలు విసుగొచ్చిన రోజు నిన్నటి దినపత్రిక, ఒక పెన్ను. చిన్న వార్త ఒకటి ఎంచుకుని అందులో 'క' ఎక్కడున్నా సున్నా చుట్టమనండి. మొదట ఐదారు వాక్యాలే. తర్వాత 'ప'. మన లిపిలో ప, ఫ, ష, వ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి కష్టం దానంతటదే పెరుగుతుంది. ఆపైన, "ప కనిపిస్తే సున్నా, మ కనిపిస్తే గీత" అని రెండు నియమాలు ఒకేసారి ఇవ్వండి. కాసేపటికి నియమం తారుమారు చేయండి. మధ్యలో నియమం మారితే మనసును మళ్ళించుకోవడం ఈ జబ్బులో చాలామందికి కష్టం, అందుకే ఈ మార్పిడి ముఖ్యం.

వార్త ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. హత్యలు, పోలీసులు, నిఘాల వార్తలు వద్దు. పంటల ధరలు, క్రికెట్, వంటల పేజీ చాలు.

ఏడో అడుగు: గుర్తుపెట్టుకోవడం

మా పనికి గుండెకాయ ఇదే. వస్తువుల పేర్లు రెండుతో మొదలుపెట్టండి. "పాలు, అగ్గిపెట్టె." తను వెంటనే తిరిగి చెప్పాలి. తర్వాత పది లెక్కపెట్టి చెప్పాలి. తర్వాత గుమ్మం దాకా వెళ్ళొచ్చి చెప్పాలి. అది నిలకడగా వచ్చాక మూడు. మూడు నుంచి నాలుగుకు వెళ్ళడానికి మాకు ఐదు వారాలు పట్టింది.

గుర్తుంచుకో అంటే గుర్తుండదు, ఎలా గుర్తుంచుకోవాలో చూపించాలి. మేం మూడు ఉపాయాలు వాడాం. ఒకటి వేలి కణుపులు: ఒక్కో వస్తువుకు ఒక్కో కణుపు మీద బొటనవేలు పెట్టి లోలోపల అనుకోవడం, మా నాయనమ్మ పాల లెక్క చూసుకున్నట్టు. కొట్టు దగ్గర బొటనవేలు మూడో కణుపు మీద ఉందంటే మూడు వస్తువులు ఉన్నాయని తెలుస్తుంది, పేరు మర్చిపోయినా "ఇంకోటేదో ఉంది" అనైనా గుర్తుంటుంది. రెండోది గుంపు చేయడం: ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిర్చి నాలుగు వస్తువులు కావు, 'పోపు సామాను' అనే ఒక్క సంచి. మూడోది బొమ్మ కట్టడం: పాల ప్యాకెట్ మీద ఉల్లిపాయ కూర్చుంది, దాని నెత్తిన అగ్గిపెట్టె ఉంది. ఇది వింటే మావాడు చిన్నగా నవ్వేవాడు. ఆ నవ్వు చూసి చాలా రోజులైంది మాకు.

తప్పు చెప్పనివ్వకండి. ఇది కాస్త వింతగా అనిపించవచ్చు. మామూలుగా పిల్లలకు "ఆలోచించు, ఊహించి చెప్పు" అంటాం. ఈ జబ్బులో ఊహించి చెప్పిన తప్పే బుర్రలో పాతుకుపోయే ప్రమాదముంది. తను తడబడుతుంటే మొదటి అక్షరం అందించండి: "ఉ..." రేపు అదే అక్షరం పెదవులతో మాత్రం చూపించండి. ఎల్లుండి అదీ వద్దు. సాయం ఒక్కో పిసరు తీసేస్తూ పోవాలి.

ఇవి విసుగొస్తే వారాల పేర్లు వెనక్కి చెప్పించండి, శనివారం నుంచి ఆదివారం దాకా. నిమిషంలో ఎన్ని ఆకుకూరల పేర్లు చెప్పగలడో చూడండి. పేకముక్కల్లో పది జతలు బోర్లించి జత కలిపే ఆట ఆడండి. సాయంత్రం ఇంట్లో అందరూ ఉంటే వామనగుంటలు, అష్టాచెమ్మా. వామనగుంటల్లో ఏ గుంట నుంచి చింతపిక్కలు తీస్తే ఎక్కడ ఆగుతాయో ముందే ఆలోచించాలి, వంతు కోసం ఆగాలి. పైగా అది చికిత్సలా కనిపించదు. ఫోన్లో బ్రెయిన్ ట్రైనింగ్ యాప్‌లకు డబ్బు కట్టాలా అని చాలామంది అడుగుతారు. నా మాటైతే అక్కర్లేదు. పక్కన మనిషి, ఉపాయం గురించి మాట, నిజమైన పనితో ముడి లేకుండా ఒంటరిగా ఆడే ఆట వల్ల ఆ ఆటే బాగా వస్తుంది.

ఎనిమిదో అడుగు: వరుస పెట్టుకోవడం

ఉప్మా దీనికి మంచి పాఠం. ఒక్కో మెట్టు ఒక్కో చీటీ మీద రాయండి: రవ్వ వేయించాలి, ఉల్లిపాయ తరగాలి, పోపు వేయాలి, నీళ్ళు పోయాలి, ఉప్పు వేయాలి, నీళ్ళు మరిగాక రవ్వ పోస్తూ కలపాలి, మూత పెట్టాలి, స్టవ్ ఆపాలి. చీటీలు కలిపేసి వరసలో పెట్టమనండి. "నీళ్ళు పోశాక ఉల్లిపాయ తరగలేదని గుర్తొస్తే ఏం చేస్తావు?" అని అడగండి. ఇంకో దారి ఆలోచించడం ఇక్కడే అలవాటవుతుంది. తర్వాత చీటీలు గట్టు మీద అంటించి నిజంగానే చేయించండి. గ్యాస్ దగ్గర మొదటి నెల మీరు పక్కనే ఉండాలి. చివరి చీటీ 'స్టవ్ ఆపాలి' మాత్రం ఎర్ర పెన్నుతో రాయండి, అన్నీ తీసేసినా దాన్ని మాత్రం తీయకండి.

తొమ్మిదో అడుగు: ముఖాలు చదవడం

టీవీ సీరియల్ పెట్టి శబ్దం ఆపేయండి. "ఆవిడ ముఖం చూస్తే ఏమనిపిస్తోంది? ఏం చూసి అలా అనిపించింది?" కనుబొమ్మలా, పెదవులా, భుజాలా? తర్వాత శబ్దం పెట్టి సరిచూసుకోండి. అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది: "ఇంకో కారణం ఏమైనా ఉండొచ్చా?" కొట్టాయన ముఖం మాడ్చుకున్నాడంటే నా మీద కోపమా, ఎండా, బేరం లేకా? మూడు కారణాలు చెప్పించండి. ఒక్క కారణం దగ్గరే మనసు బిగుసుకుపోకుండా ఇది సాయం చేస్తుంది.

ఈ ప్రశ్నను తనకున్న పాత భయాల మీద ప్రయోగించి వాదనకు దిగకండి. అది సైకాలజిస్ట్ చేయాల్సిన పని. టీవీలో వాళ్ళు తనతోనో, తన గురించో మాట్లాడుతున్నారని ఒక్కసారి అన్నా సీరియల్ ఆపేసి, డాక్టర్‌కు ఆ సంగతి చెప్పండి.

పదో అడుగు: పళ్ళెం నుంచి కొట్టుకు

సాధన మొదలైన మూడో వారం నుంచే దీన్ని పక్కన నడపండి, చివరిదాకా ఆగకండి. మేం ఇలా వెళ్ళాం. మొదట ఇంట్లోనే కొట్టు పెట్టాం. నేను కొట్టాయన, వాడు బేరం. తర్వాత ఇద్దరం కలిసి నిజం కొట్టుకు, మధ్యాహ్నం మూడింటికి, జనం ఉండని వేళ. మాట్లాడింది వాడు, నేను పక్కన నిలబడ్డానంతే. తర్వాత వాడు కొట్లో, నేను గేటు దగ్గర. ఆ తర్వాత ఒక్కడే, ఒక్క వస్తువుకు. తర్వాత రెండు. చివరికి సాయంత్రం ఆరింటికి, గోల మధ్య. ఏ మెట్టు మీదైనా రెండుసార్లు తడబడితే ఒక మెట్టు దిగాం, మాట అనకుండా.

చీటీ రాసిచ్చేస్తే పోయేది కదా అంటారా? రాసివ్వండి, తప్పేం లేదు! సాధన ఒక చేతిలో, ఆసరా ఇంకో చేతిలో ఉండాలి. మందులకు వారం గళ్ళ డబ్బా, స్నానాల గది తలుపు మీద వరుస చీటీ, తాళాలకు ఎప్పుడూ ఒకే మేకు, మందు వేళకు ఫోన్ అలారం, గోడమీద పెద్ద అక్షరాల బోర్డు. ఇవి పెట్టినంత మాత్రాన బుర్ర సోమరి అవ్వదు. రోజు సాఫీగా గడిస్తేనే సాధనకు ఓపిక మిగులుతుంది.

మాట తీరు

పని చెప్పేటప్పుడు ఒక్కసారి ఒక్కటే చెప్పండి, ముఖం చూసి, నిదానంగా. "ఇది కూడా రాదా", "చిన్నపిల్లాడు చేస్తాడు", "నిన్ననే చెప్పాను కదా" అనే మూడు మాటలు మా ఇంట్లో నిషేధం. నాన్న గారికి కష్టమైంది, కానీ మానేశారు. చుట్టాలొచ్చినప్పుడు "మావాడు చూడండి ఎంత బాగా చేస్తున్నాడో" అని వాళ్ళ ముందు చేయించి చూపించకండి. ఆ పొగడ్త కూడా వాళ్ళకు పరీక్షే.

చెడ్డ రోజులు వస్తాయి. పళ్ళెం తోసేసిన రోజు, దుప్పటి ముసుగు తీయని రోజు. ఆ రోజు సాధన లేదు, అడగనూ వద్దు. పక్కన కూర్చుని టీ తాగండి. వరసగా నాలుగైదు రోజులు అలాగే ఉన్నా, నిద్ర తగ్గినా, తనలో తను మాట్లాడుకోవడం, అనుమానాలు మళ్ళీ కనబడినా అది జబ్బు తిరగబెడుతున్న సూచన కావచ్చు. సాధన పక్కనపెట్టి డాక్టర్‌ను కలవండి. చనిపోవాలన్న మాట నోటి నుంచి వస్తే ఒక్క గంట కూడా ఆగకండి, ఒంటరిగా వదలకండి. దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్ళండి, 14416కి చేయండి.

రాసుకోవడం

పుస్తకంలో రోజుకు ఒక్క వాక్యం చాలు. మాది ఇలా ఉంటుంది: "మంగళవారం. కంది, శనగ. 14 నిమిషాలు. 3 తప్పులు. వేళ్ళతో చేశాడు. సాయంత్రం కొట్టు, 2 వస్తువులు, సరి." రోజూ చూస్తే ఏ మార్పూ కనబడదు. నెలకోసారి తమ్ముడితో కలిసి కూర్చుని వెనక్కి తిప్పి చూడండి. తను కూడా ఒక వాక్యం రాస్తే ఇంకా మంచిది. సైకాలజిస్ట్ దగ్గరికి ఈ పుస్తకం పట్టుకెళ్ళండి, మన నోటి మాట కంటే వాళ్ళకు ఇదే ఎక్కువ చెబుతుంది.

మూడు నెలలు చేసినా ఎంచుకున్న పనిలో ఏమీ కదలకపోతే తనను తప్పుపట్టకండి. పని పెద్దదైపోయిందేమో, తెగిన పోగు వేరేదేమో మూడో అడుగుకు వెళ్ళి మళ్ళీ చూడండి.

మా పుస్తకంలో ఆరో నెల చివర తమ్ముడి చేతిరాతలో ఒక వాక్యం ఉంది: "పాలు, ఉల్లి, అగ్గిపెట్టె, కొత్తిమీర. చిల్లర 13 రూపాయలు. కొట్టాయన ఊరెళ్ళాడు, వాళ్ళబ్బాయి ఉన్నాడు." ఆ రోజు నేను గేటు దాకా కూడా వెళ్ళలేదు. మర్నాడు పొద్దున్న పదకొండింటికి పళ్ళెం ముందు కూర్చుని, ఈసారి బస్సెక్కి అత్తయ్య వాళ్ళింటికి వెళ్ళాలని ఉందన్నాడు. ఆ వారం మళ్ళీ ఏమీ నేర్పించలేదు, వెంట వెళ్ళి చూసి రాసుకున్నాను.